రొట్టెల అక్క చదివిన కాగితం

పోయిన నెల కోయిలకుంట్ల బస్టాండులో కూర్చుని ఉంటే, ఎదురు బెంచీ మీద ఒకామె సంచిలోంచి కాగితం తీసింది. మడతలు విప్పింది. చేయి బారుగా చాచి దూరంగా పట్టుకుంది, మెల్లగా దగ్గరకు తెచ్చుకుంది, మళ్ళీ దూరం జరిపింది. తర్వాత తల కొంచెం పక్కకు వంచి పెదవులు కదిలించడం మొదలుపెట్టింది.

నా చేతిలో చెనిక్కాయల పొట్లం అట్లే ఉండిపోయింది. ఆ చేయి చాచడం, ఆ తల వంచడం, ఆ వరసంతా నాకు తెలుసు. పదకొండేండ్లు ప్రతి సాయంత్రం పక్కన కూర్చుని చూశాను. ఆ మనిషి పోయి మూడేండ్లయింది.

ఆమెకు చదువు రాదు. రాదని ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు తెలిసీ నోరు తెరవలేదు. దానివల్ల ఒక పిల్లి చచ్చిపోయింది, పిల్లి వెనకాలే ఆమె పోయింది. జరిగింది ఇంతే. అయినా ఆమె ఎట్లాంటిదో రాయకపోతే, ఎవరో ఒక మూర్ఖురాలు పిల్లిని చంపుకుంది అనుకుంటారు. అందుకే రాస్తున్నాను.

ఊర్లో అందరూ ఆమెను రొట్టెల అక్క అనేవాళ్ళు. ఆమె కన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆమెకు ఎవరెవరు ఉండేవాళ్ళో, ఎట్లా దూరమయ్యారో నాకు తెలిసినంత రాయగలను. రాసినా ఆమె కనపడదు. ఆమె కనపడాలంటే గాజులు చూడాలి. పిండి ముద్ద చేతిలోకి తీసుకునే ముందు గాజులన్నీ మోచేతి దాకా తోసేది. తట్టడం మొదలుపెట్టగానే అవి ఒక్కొక్కటే కిందికి జారేవి. చివరి గాజు మణికట్టు చేరేలోపల జొన్నరొట్టె పెనం మీద ఉండేది. రొట్టెను చూసేది కాదు, రోడ్డును చూస్తూ తట్టేది. అయినా అంచు ఎక్కడా చీలేది కాదు. ఆమె తట్టేది, నేను కాల్చేదాన్ని. బస్సులు ఆగే చోట, విత్తనాల అంగడి పక్కన రేకుల కొట్టం మాది. సాయంత్రం నాలుగింటికి పొయ్యి రాజేస్తే కూర్చున్న చోటు నుంచి లేచే పని ఉండేది కాదు.

నేను కొత్తగా చేరిన దినాలలో ఒకాయన కొట్టం ముందర చేతులు వెనక కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. తినడానికి వచ్చాడా, ఊరికే నిలబడ్డాడా అని నేను మొహంలోకి చూస్తున్నాను. అక్క నా మోకాలి మీద పిండి చేత్తో ఒక దెబ్బ వేసింది.

"ఆకలైనోని మొహం చూడద్దు మే. చేయి చూడు."

"చేతిలో ఏముంటాదక్కా?"

"రొట్టె పెట్టల్లంటే చేతిలోనే కదా పెట్టేది. మొహం చూస్తే ఆయప్ప సిగ్గుపడతాడు. సిగ్గుపడి తిన్నది ఒంటబట్టదు."

రెండు రొట్టెల మీద ఊరిబిండి పచ్చడి పెట్టి, ఆయన వైపు తిరగకుండానే చేయి చాచింది. ఆయన తీసుకున్నాడు. ఆమె రోడ్డునే చూస్తోంది. ఆ దినం నుంచి నేను కూడా మనుషుల మొహాలు చూడడం తగ్గించాను. ఆ అలవాటు ఎంతదూరం తీసుకుపోతుందో అప్పుడు తెలియదు.

రొట్టెలు చుట్టడానికి పాత పేపర్లు కట్టలుగా తెచ్చుకునేవాళ్ళం. పొయ్యి రాజేసే ముందు అక్క ప్రతి పేజీనీ తొడ మీద పరిచి అరచేత్తో సాపు చేసేది. మెడలో దారానికి వేలాడే కండ్లద్దాలు పెట్టుకునేది. చేయి చాచేది, దగ్గరకు తెచ్చుకునేది, తల వంచి పెదవులు కదిలించేది. ముందుగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవరైనా అడిగేవాళ్ళు.

"ఏమక్కా, ఏమి రాసినారు?"

"ఏముంటాదప్పా. వానల్లేవంట. ఈ ఏడు కూడా కష్టమేనంట."

మా సీమలో ఆ మాట ఏ ఏడు చదివినా పెద్దగా తప్పు పోదు. ఓట్ల కాలం వస్తే, "ఇద్దరూ ఒగరినొగరు తిట్టుకుంటాండారు" అనేది. అదీ తప్పు కాదు. "అట్లనా" అనేదాన్ని నేను. ఆమె ఏమి చదివినా నా మాట అదే. నిజంగానే ఆమె చదువుకున్నదని నాకు గొప్పగా ఉండేది. చదువుకున్నామె పక్కన కూర్చుని పని చేస్తున్నానని మా వీధిలో చెప్పుకునేదాన్ని.

దేవుని బొమ్మ ఉన్న పేజీలో మాత్రం రొట్టెలు చుట్టనిచ్చేది కాదు. ఎంగిలి చేతులు తాకుతాయని, నలిపి రోడ్డు మీద పారేస్తారని, ఆ పేజీలు తీసి ఒక రేకు పెట్టెలో దాచేది. పెట్టె నిండితే ఏటికి తీసుకుపోయి నీళ్ళలో వదిలేది.

ఒక దినం మూడున్నర ప్రాంతంలో నేను పిండి జల్లిస్తున్నాను. ఇద్దరు మనుషులు అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. అక్క పేజీ పట్టుకుని పెదవులు కదిలిస్తోంది. ఆ పేజీలో పెద్ద బొమ్మ, ఎవరో నాయకుడు దండం పెడుతున్నాడు. ఆయన తల కిందికి ఉంది.

నాకు అక్షరం ముక్క రాదు. కానీ బొమ్మకు తల యాడుంటుందో తెలుసు. జల్లెడ పట్టుకున్న నా చేయి ఆగింది. బల్ల మీద కూర్చున్నవాళ్ళలో ఒకాయన ఇటు తిరగబోతున్నాడు.

"అక్కా, ఆ పేజీ వెనక దేవుని బొమ్మ ఉన్నట్టుండాది, తిప్పి చూడు" అన్నాను.

ఆమె తిప్పింది. వెనక చూసింది, మళ్ళీ తిప్పింది. ఈసారి నాయకుని తల పైకి వచ్చింది. ఒక గడియ ఆ బొమ్మనే చూసింది.

"యాడుండాది మే? లేదు కదా."

"పొగకు సరిగ్గా కనపళ్ళేదక్కా."

"అట్లనా" అంది ఆమె. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. మళ్ళీ మేమిద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు. నాకు ఆమె మీద గౌరవం తగ్గలేదు. తగ్గి ఉంటే బాగుండేది. ఎప్పుడో ఒకప్పుడు నవ్వుతూనో, తిడుతూనో అనేసి ఉండేదాన్ని.

ఇక బంగారి సంగతి. జొన్న మూటల మధ్య ఎలుకలు పెరిగిన ఏడు ఎక్కడి నుంచో వచ్చిన పిల్లి కూన అది, పసుపుపచ్చ చారలది. మొదట్లో ఎలుకలు పట్టింది. తర్వాత ఎలుకలు అయిపోయాయి, అక్క చేయి మాత్రం అయిపోలేదు. నేను మాడ్చిన రొట్టెలన్నీ పాలలో నానబెట్టి, పైన నెయ్యి వేసి పెట్టేది. మధ్యాహ్నం పెరుగు బువ్వ. తినడానికి వచ్చినవాళ్ళు పెట్టేది వేరు. ఐదేండ్లకు అది పిండి డబ్బా పక్కన పీట మీద కూర్చుంటే, కడుపు పీటకు రెండు పక్కలా జారేది. ఒకాయన ప్రతిసారీ అడిగేవాడు:

"అక్కా, ఎప్పుడు ఈనుతాది?"

"అది మగది కదప్పా."

"ఐతే ఇంకా కష్టం."

అందరూ నవ్వేవాళ్ళు. అక్క కూడా నవ్వేది. దాని లావు చూస్తే ఆమెకు నిండుగా ఉండేది. "కడుపు నిండినోళ్ళు ఎట్లుంటారో చూడు మే" అని దాని వీపు మీద పిండి చేత్తో రాసేది. దాని వీపు మీద ఎప్పుడూ తెల్లగా జొన్నపిండి ఉండేది.

ఆ ఏడు కార్తీకానికి ముందు, ఆటో తోలే ఆయన దాన్ని ఎత్తుకోబోతే అది చేతి మీద గీరింది. సూది వేయించండి అని అందరూ అన్నారు. మా ఊరి పశువుల ఆసుపత్రిలో కుక్కలకూ పిల్లులకూ సూదులు వేసే దినం ఒకటి వచ్చింది. బంగారిని గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, ఇద్దరమూ చెరో పక్క పట్టుకుని మోసుకుపోయాము. జనం, కుక్కల అరుపులు, ఒక మూల మేకలు. డాక్టరమ్మ చిన్నపిల్ల, రాయచోటి పక్కదంట. గంప విప్పి చూసి నవ్వింది.

"ఇది పిల్లినా, పొట్టేలా అవ్వా?"

"మా ఇంటి బిడ్డ తల్లీ."

డాక్టరమ్మ దాన్ని కిందికి దించి నాలుగు అడుగులు నడిపించింది. పక్కటెముకల మీద వేళ్ళు పెట్టి వెతికింది, దొరకలేదు. నవ్వు పోయింది ఆ పిల్ల మొహంలో.

"ఈ నాలుగు అడుగులకే రొప్పుతాంది చూడు. ఏం పెడతారు దీనికి?"

"మేము తినేదే. పాలు, రొట్టె, నెయ్యి."

"బరువు తగ్గించకపోతే చక్కెర జబ్బు వస్తాదవ్వా. కీళ్ళు పోతాయి. ఎట్ల తగ్గించల్లో చెప్తా, జాగ్రత్తగా..."

అంతలో బయట ఎవరో ఈనలేని బర్రెను తెచ్చి కేకలు వేస్తున్నారు. డాక్టరమ్మ ఒక కాగితం తీసుకుని, బల్ల మీద వంగి, పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో గబగబా రాసింది. లేస్తూ అడిగింది:

"చదువు వచ్చు కదా మీకు?"

"నాకు రాదమ్మా" అన్నాను నేను.

"నాకొస్తాది తల్లీ" అంది అక్క. "నేను చెప్తాలే దానికి."

డాక్టరమ్మ కాగితం ఆమె చేతిలో పెట్టి బర్రె దగ్గరికి పరుగెత్తింది.

అక్కడ నేను ఆమెకూ రాదు అని ఉండొచ్చు. మా వెనకాల ఇరవై మంది నిలబడి ఉన్నారు, సగం మంది మా కొట్టంలో తినేవాళ్ళే. నేను అక్క మొహం చూడలేదు. చేయి చూశాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నడుము దగ్గర దోపుకుంటోంది.

కొట్టానికి వచ్చినాక కండ్లద్దాలు పెట్టుకుంది. చేయి చాచింది, దగ్గరకు తెచ్చుకుంది. ఎప్పటికన్నా ఎక్కువసేపు చూసింది.

"ఏముందక్కా?"

"ఒక్కపొద్దు ఉంచమంటాండాది."

"పిల్లికా?"

"ఏం, పిల్లిది కడుపు కాదా? పొద్దున ఏమీ పెట్టద్దంట. పొద్దు కుంకినంక ఒక్కసారి. పాలు మాత్రమే."

"అట్లనా" అన్నాను.

ఆమెకు అంతకన్నా వేరే దారి తెలియదు. ఒళ్ళు బరువెక్కినా, మనసు బరువెక్కినా, కాలం కలిసిరాకపోయినా ఆమె చేసేది ఒక్కపొద్దే. సోమవారాలు మహానంది సామి పేరున పగలంతా పచ్చి మంచినీళ్ళతో ఉండి, దీపం పెట్టినాక ఒక్కపూట తినేది. అట్లా ఉండి తన మోకాళ్ళ నొప్పులు తగ్గించుకున్నానని అందరికీ చెప్పేది. అక్షరాలు కనపడని ఆ కాగితంలో ఆమెకు కనపడింది తనకు తెలిసిన వైద్యమే. మోసం చేయాలని కాదు.

కాగితాన్ని పొయ్యి పక్కన మేకుకు గుచ్చింది. వచ్చినవాళ్ళందరికీ అటు చేయి చూపించి చెప్పింది, డాక్టరమ్మ రాసిచ్చింది, బంగారికి ఇకమీదట ఏమీ పెట్టద్దు అని. దాన్ని చూసినవాళ్ళున్నారు గానీ చదివినవాళ్ళు లేరు. రొట్టెల అక్క చదివి చెప్పినాక మళ్ళీ ఎవరు చదువుతారు?

"బంగారి కూడా సోమారాలు చేస్తాందా అక్కా? దీని పుణ్యమంతా యాడ పెట్టుకుంటాది?" అని నవ్వేవాళ్ళు.

బంగారి మొదట్లో అరిచింది. మూతలు దొర్లించింది, నా కాళ్ళ చుట్టూ తిరిగింది. వారం వారం దాన్ని గంపలో పెట్టి విత్తనాల అంగడి కాటా మీద తూచేవాళ్ళం. గంప బరువు తీసేసి ఆరు కిలోల ఎనిమిది వందలు. రెండో వారం ఒక వంద తగ్గింది. అక్కకు చాలలేదు. కార్తీకం వచ్చింది. మళ్ళీ మేకు దగ్గర నిలబడి కాగితం చూసింది.

"కార్తీకం నెలంతా గట్టిగా ఉంచమన్నెట్టుండాది మే. నేను సరిగ్గా చూళ్ళేదు."

డాక్టరమ్మకు కార్తీకంతో పనేమిటి అని నాకు ఆ క్షణంలోనే అనిపించింది. "అట్లనా" అన్నాను.

దాన్ని కొట్టం వెనక గదిలో పెట్టి తలుపు వేసింది. మంచినీళ్ళు, పొద్దుకుంకినాక అరచేతిలో పట్టేన్ని పాలు. తను కూడా అంతే తినింది. దానికి పెట్టకుండా తను తినలేనంది. లోపల నుంచి అది తలుపు గీరే చప్పుడు రొట్టెలు తట్టే చప్పుడులో కలిసిపోయేది. అక్క గట్టిగా తట్టేది.

ఒక మధ్యాహ్నం ఆమె నీళ్ళకు పోయినప్పుడు నేను మేకు మీది కాగితం తీశాను. పక్కనే అంగడాయన ఉన్నాడు, చదువుకున్నవాడు. పది అడుగులు. గడప దాటాను. ఎదురుగా అక్క బిందెతో వస్తోంది.

"యాడికి తీసుకపోతాండావు మే అది?"

"దుమ్ము పట్టింది, దులుపుదామని."

బిందె దించకుండా నా వైపే చూస్తూ నిలబడింది. నేను కాగితం దులిపి, తెచ్చి, మళ్ళీ మేకుకు గుచ్చాను. ఆ పది అడుగులు ఇప్పటికీ నడుస్తూ ఉంటాను.

పది దినాలకు గీరడం ఆగిపోయింది. ఆ సాయంత్రం పాలు తీసుకుపోతే బంగారి వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది. మరునాడు కూడా అంతే. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో.

"చూసినావా మే. దానికి నిష్ఠ కుదిరింది. ఆకలిని గెలిచింది అది. మనకే చేతకాదు ఇంత నిష్ఠ."

రెండు చేతులూ జోడించి ఆ పిల్లికి దండం పెట్టింది. నేను కూడా పెట్టాను.

తరువాతి తూకానికి ఐదు కిలోల రెండు వందలు. అంగడాయన తన పొట్ట తడుముకున్నాడు. "ఆ మందేందో నాకూ చెప్పక్కా." అక్క నడుము దగ్గర దోపుకొచ్చిన కాగితం తీసి గాలిలో ఆడించింది. "దీంట్లో రాసినట్టే చేస్తాండా అప్పా, అంతే." ఆయన చేయి చాస్తాడేమో అని చూశాను. ఎవరో విత్తనాల కోసం వచ్చారు, అటు తిరిగాడు.

తర్వాత రెండు దినాలకు దాని చెవుల లోపల పసుపు కనపడింది. దీపం పెట్టేటప్పుడు నువ్వేమన్నా పసుపు పూసినావా అని అక్క నన్ను అడిగింది. లేదక్కా అన్నాను. కళ్ళ తెలుపులో కూడా పసుపు ఉంది. కామెర్లని ఆకు పసరు తెచ్చి రెండు దినాలు పోసింది. పోసిందంతా అది కక్కింది. తల ఎత్తడం మానేసింది. అప్పుడు గంపలో పెట్టుకున్నాము. ఈసారి గంప తేలిక. అక్క ఒక్కతే మోసింది.

డాక్టరమ్మ చూసీ చూడగానే అడిగింది, ఎన్ని దినాలైంది తిండి తిని అని. అక్క చెప్పింది. ఆ పిల్ల బంగారి చెవి మడిచి లోపల చూసింది.

"నేను రాసిచ్చినా కదా అవ్వా. చదవలేదా?"

నాకు ఆ గది అంతా ఇప్పటికీ కళ్ళ ముందర ఉంది. కిటికీ ఊచకు కట్టిన తాడు, బల్ల మీద మందు మరకలు. లేదు తల్లీ, నాకు చదువు రాదు అంటే సరిపోయేది. అంత చిన్న మాట.

"చదివినా తల్లీ" అంది అక్క.

"చదివి కూడా ఇట్ల చేసినావా?"

"చేసినా."

డాక్టరమ్మ ఆమెను చూసిన చూపు నేను రాయలేను. మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు. దేనితో చేసినారో మనుషులను అని తనలో తాను అనుకుంటూ సూది వెతికింది. పిల్లి కాలికి సెలైను పెట్టింది. తనకు చేతనైనంత చేసింది. నేను గోడ పక్కన నిలబడి అక్క చేతిని చూస్తున్నాను. గంప పిడిని పట్టుకుని ఉంది. గాజులన్నీ కిందికి జారి మణికట్టు దగ్గర ఉన్నాయి. మూర్ఖురాలు అనిపించుకుంది, పాపిష్టిది అనిపించుకుంది. చదువు రానిది అని మాత్రం అనిపించుకోలేదు. నేను కూడా అనిపించలేదు.

బంగారి ఆ మధ్యాహ్నమే పోయింది.

ఆ తర్వాత అక్క పేపర్లు ముట్టలేదు. కట్ట నా వైపు తోసి "నువ్వే చూసుకో మే" అనేది. ఎవరైనా ఏమి రాసినారక్కా అంటే, కండ్లు కనపడట్లేదు అనేది. రొట్టెలు అంచుల్లో చీలడం మొదలుపెట్టాయి. గాజులు తోసుకోవడం మానేసింది, పిండిలోనే మునిగేవి. కార్తీకం అయిపోయినా ఒక్కపొద్దు ఆపలేదు. సంక్రాంతి దాటినాక ఆ ఒక్కపూట కూడా తగ్గించింది. పెడితే వాసన చూసి మొహం పక్కకు తిప్పుకునేది. ఆ తిప్పడం నేను ముందే చూశాను. ఈసారి దండం పెట్టలేదు. బతిమాలాను, తిట్టాను, నోటికి అందించాను. పెద్దాసుపత్రికి పోదామంటే, "వాళ్ళు మళ్ళీ కాగితం రాసిస్తారు మే" అంది.

చివరి దినాలలో ఒకసారి గోడ వైపు పడుకుని అడిగింది:

"ఆ పొద్దు పొగకు కనపళ్ళేదన్నావే. దేవుని బొమ్మ."

"ఊఁ."

"నిజంగా పొగేనా?"

"పొగేనక్కా."

ఆమె ఇటు తిరగలేదు.

"ఆ పొద్దు ఇంకా పొయ్యి రాజెయ్యలేదు మే" అంది.

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. ఉగాదికి వారం ముందు పోయింది.

కొట్టం సర్దుతుంటే దేవుని బొమ్మలు దాచే రేకు పెట్టెలో, పేజీలన్నిటికీ అడుగున ఆ కాగితం దొరికింది. ఎవరి చేతికైనా ఇస్తే నిమిషంలో చదివి చెప్పేవాళ్ళు. ఇవ్వలేదు. ఆమె ఏమి చదివిందో ఊరందరికీ తెలుసు, కాగితంలో ఏముందో ఇంకొకరికి తెలియకూడదు అనిపించింది. బడిలో సాయంత్రాలు ఆడవాళ్ళకు అక్షరాలు చెప్తున్నారంటే పోయి కూర్చున్నాను. నాకప్పటికి యాభై దాటాయి. మా పంతులమ్మ నాకంటే ముప్పై ఏండ్లు చిన్నది. పలక మీద దిద్ది, అచ్చు పుస్తకం చదవడానికి ఒక ఏడు పట్టింది. చేతిరాత చదవడానికి ఇంకొక ఏడు పట్టింది. ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివాను.

పాలు, నెయ్యి, రొట్టె ఆపండి. ఉడికించిన కోడిమాంసం కొంచెం కొంచెంగా రోజుకు మూడుసార్లు పెట్టండి. నెలకు పావు కిలో కన్నా ఎక్కువ తగ్గకూడదు. ఎంత లావున్నా పస్తు ఉంచొద్దు, లావు పిల్లి పస్తుంటే కాలేయం చెడిపోతుంది. ఒక రోజంతా తినకపోతే అదే రోజు తీసుకురండి. అర్థం కాకపోతే రండి, మళ్ళీ చెప్తాను.

చివరి మాట దగ్గర వేలు ఆగిపోయింది. మళ్ళీ చెప్తాను అని రాసింది ఆ పిల్ల. అది కూడా చదివితేనే తెలిసే మాట.

బస్టాండులో ఎదురు బెంచీ మీది ఆమెను చూసినప్పుడు ఇదంతా ఒక్కసారిగా వచ్చింది. ఈసారి ఊరుకోకూడదనుకున్నాను. లేచి పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఏమి రాసినారక్కా దాంట్లో?"

"మాత్రలు. పరగడుపున వేసుకోమన్నారు."

కాగితం నాకు కనపడుతూనే ఉంది. పెద్ద అక్షరాలే. మనసులోనే కూడబలుక్కున్నాను.

"ఏమనుకోవద్దక్కా. నాకు కొంచెం చదువు వచ్చు. తిన్న తర్వాత అని రాసినారు, రెండు చోట్లా."

ఆమె నా వైపు తిరిగింది. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కూడా తిరిగారు.

"అంటే నాకు చదువు రాదనుకుంటివా? కండ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చినా, అంతే. శానా వచ్చినావులే చెప్పేదానికి."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. సంచి చంకన పెట్టుకుని, లేచి, దూరంగా ఆ చివరి బెంచీ దగ్గరికి పోయింది. నేను ఆమె మొహంలోకి సూటిగా చూసి మాట్లాడాను. నాకు నేర్పిన పద్ధతి అది కాదు.

కాసేపటికి ఆమె మళ్ళీ కాగితం తీసింది. చేయి చాచింది, దగ్గరకు తెచ్చుకుంది, తల వంచింది. పక్కన బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చున్నామె ఏదో అడిగింది.

"పరగడుపున వేసుకోమన్నారు" అంది ఆమె, నాకు వినపడేటట్టుగా.

"అట్లనా" అంది పక్కనామె.